బస్సు దిగిన చోటే ఊరు మొదలవ్వాలి

పెద్దమండ్యంలో ఏ పెద్ద పని పడినా చూపు మదనపల్లె మీదికే పోతుంది. భూమి తగాదా సబ్ కలెక్టర్ దాకా పోయినా, ఇంటర్ పాసైన బిడ్డను డిగ్రీలో చేర్చాలన్నా, కడుపునొప్పి తగ్గక స్కానింగ్ తీయించాలన్నా, పెండ్లికి పట్టుచీరలు ఎంచాలన్నా, కాలిపోయిన బోరు మోటారుకు వైండింగ్ కట్టించాలన్నా దారి అటే. తంబళ్లపల్లె నియోజకవర్గంలోని ఆరు మండలాల్లో పెద్దమండ్యం ఒకటి. మిట్టచేలు, బోర్లు, చెనిక్కాయ, టమోటా, పాడి ఆవులు, వీటి మీదే ఇక్కడి బతుకు. కలిచెర్ల, గుర్రంకొండ దిక్కు నుంచి పొద్దున్నే బయల్దేరే బస్సుల్లో ఊరు చూసి వద్దామని ఎక్కేవాళ్లు తక్కువ. దాదాపు అందరి చేతిలోనూ ఒక కవరు ఉంటుంది. పాసుబుక్కు జిరాక్సులున్న కవరు, ఎక్స్‌రే కవరు, బిడ్డ సర్టిఫికెట్ల కవరు.

ఆ కవరు పట్టుకుని మదనపల్లెలో దిగిన మనిషికి ఊరి నడిబొడ్డు ఏమిస్తోంది? చిత్తూరు బస్టాండు నుంచి బెంగళూరు బస్టాండు దాకా ఒకసారి కాలినడకన పోయి చూడండి. కాలిబాట ఉన్నచోట దాని మీద బైకులు. లేనిచోట మురుగుకాలువ మీద పరిచిన బండలు. దాటాలంటే ఆటోలు, లారీలు, కాలేజీ బస్సుల మధ్య ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. ఆఫీసరు మధ్యాహ్నం మూడింటికి రమ్మంటే అప్పటిదాకా ఎక్కడ కూర్చోవాలి? ముసలాయనకు చెట్టు నీడ ఎక్కడ? ఆడబిడ్డకు మరుగుదొడ్డి ఎక్కడ? ఒక పట్టణ కేంద్రానికి మళ్లీ ప్రాణం పోయాలంటే ఈ మూడు ప్రశ్నలతోనే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. దుకాణాల ముఖాలకు రంగులు, సర్కిల్లో ఫౌంటెన్, రాత్రిపూట వెలిగే అక్షరాలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఈ మాట ఇప్పుడే గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అన్నమయ్య జిల్లాకు రాయచోటి కేంద్రమైంది. మదనపల్లె రోడ్డెక్కింది. ధర్నాలు, బంద్‌లు, వినతిపత్రాలు నడిచాయి. 2025 చివరికొచ్చేసరికి మదనపల్లె జిల్లా అన్న మాట ప్రభుత్వం నోటనే వచ్చింది. జిల్లా కేంద్రం అంటే కలెక్టరేటు, ఎస్పీ ఆఫీసు, డజన్ల కొద్దీ శాఖల కార్యాలయాలు, వాటి వెంట లాయర్లు, స్టాంపు వెండర్లు, జిరాక్సు షాపులు, హోటళ్లు. ఇవన్నీ ఊళ్లో ఎక్కడ కూర్చుంటాయన్నదాన్ని బట్టే రాబోయే యాభై ఏళ్ల మదనపల్లె ఉంటుంది.

సాధారణంగా ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఊరి బయట హైవే పక్కన ప్రభుత్వ స్థలం చూస్తారు. అక్కడ పెద్ద భవన సముదాయం కడతారు. అన్ని ఆఫీసులూ ఒకే కప్పు కింద ఉంటాయని చెబుతారు. తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాక ఇదే నమూనా నడిచింది. సిద్దిపేట కలెక్టరేటు ఊరి నుంచి దూరంగా దుద్దెడ దగ్గర కట్టారు, 2021లో ప్రారంభించారు. భవనాలు గొప్పగానే ఉన్నాయి, అధికారులకు సౌకర్యమే. కానీ పల్లె నుంచి బస్సులో వచ్చిన మనిషి లెక్క వేరు. బస్టాండులో దిగి మళ్లీ ఇంకో బండి ఎక్కాలి. అక్కడ పని కాకపోతే ఈలోగా ఊళ్లో ఆస్పత్రి పనో, బ్యాంకు పనో చూసుకుందామంటే కుదరదు. ఒక్క రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాడికి ఒక ప్రయాణంలో మూడు పనులు కావాలి. ఆఫీసులు ఊరు దాటి పోయిన రోజున, పాత ఆఫీసుల చుట్టూ వాటిని నమ్ముకున్న టీ బంకు, మెస్సు, టైపింగు బల్ల అన్నీ బక్కచిక్కుతాయి. పట్టణ కేంద్రాన్ని బతికించే పథకం ఒకవైపు, దాని ప్రాణాన్ని బయటికి తరలించే జీవో ఇంకోవైపు నడిస్తే డబ్బు రెండుసార్లు దండగ.

మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయం ఊరి నడుమ ఉండే పాత ఆఫీసు. 2024 జులై 21 రాత్రి అక్కడ మంటలు లేచి ఫైళ్లు కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా దాని గురించి మాట్లాడుకుంది, దర్యాప్తు సీఐడీ దాకా పోయింది. కేసు సంగతి కోర్టులు చూస్తాయి. పెద్దమండ్యం లాంటి మండలాల వాళ్లకు ఆ రాత్రి మిగిల్చిన భయం మాత్రం వేరు: మన సెంటు భూమికి సాక్ష్యం ఉందా, పోయిందా అని. ఆ ఆవరణను మళ్లీ జనం నమ్మకంతో అడుగుపెట్టే చోటుగా నిలబెట్టడం పట్టణ పునరుజ్జీవనంలో మొదటి పనుల్లో ఒకటి కావాలి. అర్జీదారులకు కప్పు ఉన్న వరండా, వరస సంఖ్య చూపే బోర్డు, తాగునీరు, రికార్డుల నకళ్లు అక్కడికక్కడే ఇచ్చే కౌంటరు. కొత్త కార్యాలయాలు కూడా దీనికి నడిచిపోయేంత దూరంలోనే రావాలి. పాత ప్రభుత్వ క్వార్టర్లు, వాడకంలో లేని షెడ్లు, ఒకే అంతస్తులో పడి ఉన్న ఆఫీసులు ఏవేవి ఉన్నాయో లెక్కగడితే స్థలం దొరకదనే మాట ఎంత నిజమో తేలుతుంది. ఆ లెక్క తీయకుండా హైవే పక్కకు పోవడం తొందరపాటు.

ఈ ఊరికి దాని చల్లదనమే తొలి పెట్టుబడి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, చుట్టూ కొండలు. సీమలో మిగతా ఊళ్లు ఉడికిపోతున్న రోజుల్లో కూడా ఇక్కడ పొద్దు వాలాక గాలి తిరుగుతుంది. కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీ పంతొమ్మిదో శతాబ్దంలో ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకున్నది ఆ గాలి కోసమే. కొండకు చివరికి ఆయన పేరే నిలిచింది. క్షయరోగులకు ఈ వాతావరణం మేలు చేస్తుందని 1910ల్లో ఆరోగ్యవరం శానటోరియం వెలిసింది. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని ఏళ్ల తరబడి నడిపాడు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు తొలుత వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. అనిబిసెంట్ చొరవతో 1915లో దివ్యజ్ఞాన కళాశాల వచ్చింది. బి.టి. కాలేజీగా మనందరికీ తెలిసిన ఆ ప్రాంగణానికే 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చాడు. జనగణమన పాడి వినిపించాడు, దాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టింది. అంతకు పాతికేళ్ల కిందట, 1895లో, ఈ ఊళ్లోనే ఒక మామూలు ఇంట్లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. ఆయన ఆలోచనతో పుట్టిన రిషివ్యాలీ బడి కొండల మధ్య ఇప్పటికీ నడుస్తోంది.

ఇంత చరిత్ర ఉన్న ఊరి మీదుగా శని, ఆదివారాల్లో బెంగళూరు కార్లు హార్స్‌లీ హిల్స్‌కు దూసుకుపోతాయి. ఎక్కువమంది ఊళ్లో ఆగరు. ఆగడానికి మనం ఒక కారణం చూపించలేదు కాబట్టి. కృష్ణమూర్తి పుట్టిన ఇల్లు, బి.టి. కాలేజీ, అమెరికన్ మిషన్ కట్టిన మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి, పాత ఆఫీసులు: వీటన్నిటినీ కలుపుతూ చెట్ల నీడన నడిచే ఒక దారి వేస్తే చాలు. ఒక్కో చోట తెలుగులో నాలుగు వాక్యాల ఫలకం పెడితే చాలు. అది పర్యాటకుల కోసమని అనుకోవద్దు. పనికి వచ్చి మూడు గంటలు ఎదురుచూసే పల్లెవాడి కొడుకు, జాతీయగీతం బాణీ తన తాలూకాలోనే కాగితం మీదికి ఎక్కిందని ఆ దారిలోనే తెలుసుకోవచ్చు. బడిలో ఆ సంగతి చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారు!

కేంద్రాన్ని బాగు చేస్తామనగానే మన మునిసిపాలిటీలకు ముందుగా తట్టేది రోడ్డు విస్తరణ. ప్లానులో అరవై అడుగులో ఎనభై అడుగులో గీస్తారు. గీతలో పడ్డ దుకాణాలకు నోటీసులు పోతాయి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణంలో మార్కెట్ విలువకు అంతే మొత్తం సాంత్వన పరిహారం కలిపి చెల్లించాలి. మునిసిపాలిటీ దగ్గర అంత డబ్బుండదు. అందుకని టీడీఆర్ బాండ్లు ఇస్తామంటారు. పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనపు అంతస్తులు కట్టుకునే హక్కు అది. పెద్ద బిల్డరు ఉన్న నగరంలో ఆ కాగితానికి కొనేవాడు దొరుకుతాడు. రెండు గదుల పాత మిద్దెలో అంగడి నడుపుకునే మదనపల్లె మనిషికి అదేం చేసుకోవాలో తెలియదు. సగం పోయిన గదిలో షట్టరు దించి కూర్చుంటాడు. విస్తరించిన రోడ్డు రెండేళ్లలో మళ్లీ పార్కింగుతో నిండుతుంది. నడిచేవాళ్లకు దక్కేది ఏమీ ఉండదు.

కొట్టేశాక తిరిగి రానివి కొన్ని ఉంటాయని మన పక్కనే ఉన్న తిరుమలకు తెలుసు. మాస్టర్ ప్లాన్ పేరుతో 2003లో శ్రీవారి ఆలయం ఎదుటి వేయికాళ్ల మండపాన్ని తొలగించారు. దాని రాళ్ల కోసం, దాన్ని మళ్లీ నిలపడం కోసం ఎంత కొట్లాట జరిగిందో చిత్తూరు జిల్లా వాళ్లందరూ చూశారు. మదనపల్లెలో అంత పురాతనమైన మండపాలు లేకపోవచ్చు. కానీ కర్ర స్తంభాల అరుగులు, పాత అంగళ్ల ముంగిళ్లు, బ్రిటిష్ కాలపు ఆఫీసు వరండాలు ఉన్నాయి. మార్కింగ్ పెయింటు డబ్బా తెరవకముందే వాటి పట్టిక తయారు కావాలి.

కొండ ఊరికి కొండ ఊరే మంచి పాఠం. సిక్కిం రాజధాని గాంగ్‌టక్‌లో ఎం.జి. మార్గ్ ఊరి ముఖ్య బజారు. అక్కడ వాహనాలు రావు. రాళ్లు పరిచిన వీధి నడుమ బెంచీలు, పూలమొక్కలు, రెండు వైపులా దుకాణాలు. ఉమ్మినా చెత్త వేసినా జరిమానా. సాయంత్రమైతే ఊరంతా అక్కడే కనిపిస్తుంది. సిమ్లా మాల్ రోడ్డులోనూ మామూలు వాహనాలకు ప్రవేశం లేదు. కోపెన్‌హాగన్ 1962లో తన ప్రధాన బజారు నుంచి కార్లను ఆపినప్పుడు వర్తకులు బేరాలు పోతాయని గగ్గోలు పెట్టారు. ఆ వీధి ఇవాళ ప్రపంచంలో పేరున్న బజార్లలో ఒకటి. ఇంత దూరం ఎందుకనుకుంటే బెంగళూరు చర్చ్ స్ట్రీట్ ఉంది. 2020 చివర్లో వారాంతాల్లో వాహనాలు ఆపి ప్రయోగం చేశారు. మన పిల్లలు ఎందరో అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు, ఆ వీధిలో నడిచినవాళ్లే.

మదనపల్లె బజారును రోజంతా మూసేయమని నేను అనను. ఇక్కడికి మూటలు, బస్తాలు, ప్లాస్టిక్ పైపులు, సిమెంటు కొనడానికి వస్తారు. ఆటో వాకిటి దాకా రాకపోతే వాళ్ల పని జరగదు. సాయంత్రం ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా, వారానికి రెండు రోజులతో, ఒక్క వీధిలో మొదలుపెట్టొచ్చు. సరుకు లారీలకు తెల్లవారుజాము సమయం కేటాయించొచ్చు. ఆ ఒక్క వీధిలో అమ్మకాలు పెరిగాయో తగ్గాయో వర్తకులనే రాసిపెట్టమని అడగాలి. పెరిగితే పక్కవీధి వాళ్లు తమంతట తామే అడుగుతారు.

ఇక టమోటా. దీన్ని తీసి పక్కన పెట్టి ఈ ఊరి ప్లాను గీయడం కుదరదు. నీరుగట్టువారిపల్లె మార్కెట్ యార్డు ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటని పేరు. తంబళ్లపల్లె, పుంగనూరు, పీలేరు పక్కల నుంచి క్రేట్లు తెల్లారకముందే చేరతాయి. మండీల్లో వేలం నడుస్తుంది, సరుకు చెన్నైకి, ఉత్తరాదికి పోతుంది. 2023 జులైలో ఇక్కడ కిలో నూటయాభై రూపాయలు దాటినప్పుడు దేశంలోని టీవీలన్నీ మదనపల్లె పేరు చదివాయి. అదే పంట ఇంకో ఏడు కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోత అవుతుంది. బజారులో బట్టల అంగళ్లు, బంగారు అంగళ్లు కళకళలాడేది, వెలవెలబోయేది ఈ ధరతోనే. ఊరి కేంద్రం నిలకడగా బతకాలంటే రైతు చేతిలో డబ్బు నిలకడగా ఉండాలి. అందుకని శీతల గిడ్డంగి, గుజ్జు తీసే యూనిట్లు, సరైన తూకం, సరైన కమీషన్ లెక్క కూడా పట్టణ పునరుజ్జీవనంలో భాగమే. వాటిని వ్యవసాయ శాఖ పని అని పక్కకు నెట్టడం పొరపాటు. క్రేట్ల లారీలు ఊరి లోపలికి రాకుండా యార్డుకు సొంత దారి వేయడం కూడా ఈ ప్లానులోనే తేలాలి. ఒక్క రోడ్డుతో ఇటు యార్డుకు వేగం, అటు బజారుకు ఊపిరి.

అదే నీరుగట్టువారిపల్లెలో మగ్గాలు ఉన్నాయి. పట్టుచీరలు నేస్తారు. పెద్దమండ్యం నుంచి పెండ్లి బట్టలకు వచ్చిన కుటుంబం బజారులో పెద్ద షోరూముల్లోకి పోతుంది. ఆ చీరల్లో ఏది మన మగ్గం మీదిదో చెప్పే గుర్తు ఎక్కడా కనపడదు. నేసేవాడికి ఊరి నడుమ, అద్దె భరించగలిగేలా, ఒక వరస గదులు మునిసిపాలిటీ కట్టి ఇవ్వొచ్చు. బస్టాండుకు దగ్గరగా ఉంటే కొనేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.

బస్టాండు దగ్గరే అసలు విషయం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇంతకుముందు టికెట్టు డబ్బులు చూసుకుని మొగుడినో కొడుకునో పంపిన ఇల్లాలు ఇప్పుడు తన పని తానే చూసుకోవడానికి వస్తోంది. బ్యాంకుకు తనే పోతోంది, ఆస్పత్రికి తనే పోతోంది. ఇంతకన్నా పెద్ద మార్పు ఈ పట్టణ కేంద్రానికి ఈ మధ్యకాలంలో రాలేదని నేననుకుంటాను. ఆమె కోసం ఊరు ఏం సిద్ధం చేసింది? శుభ్రమైన, నీళ్లున్న, తలుపు గడియ పడే మరుగుదొడ్లు ప్రతి ఐదారు నిమిషాల నడకకు ఒకటి ఉండాలి. పాలిచ్చే తల్లికి ఒక గది ఉండాలి. సాయంత్రం చివరి బస్సు కోసం నిలబడే చోట వెలుతురు ఉండాలి. మరుగుదొడ్డి కట్టడానికి నిధులు వస్తాయి, కడిగే మనిషి జీతానికి రావు. అందుకే కట్టినవాటికి తాళాలు పడతాయి. కాబట్టి ప్లానులో కట్టే ఖర్చు పక్కనే పదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా రాసి, బజారు అద్దెల్లోంచి దానికి వాటా కేటాయించాలి.

రోడ్డు పక్కన పూలు, పండ్లు, చెనిక్కాయలు అమ్మేవాళ్లను తరిమితే బజారు బాగుపడుతుందని ఇంకా కొందరు అనుకుంటున్నారు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం అలా అనుకోనివ్వదు. పట్టణ విక్రయ కమిటీ వేయాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. సర్వే చేసి, గుర్తింపు ఇచ్చి, చోటు చూపించాలి. ఖాళీ చేయించాలంటే ముందు నోటీసు ఇవ్వాలి. పెద్దమండ్యం నుంచి గంప తెచ్చుకుని చింతకాయలో సీతాఫలాలో అమ్ముకునే ఆడమనిషికి ఈ చట్టం సంగతి తెలియకపోవచ్చు. మునిసిపల్ కమిషనరుకు తెలియాలి. కొత్త వీధి గీసేటప్పుడు గంప దించే నీడ, తూకం పెట్టుకునే గట్టు ముందే గీస్తే ఆక్రమణ అన్న పేరే ఉండదు.

ఊళ్లోంచి పారే బాహుదా వాగు సంగతి మరచిపోకూడదు. కొండల్లో పడ్డ వాన ఊరి వాలుల మీదుగా దిగి అందులోనే కలవాలి. అది చెయ్యేరుకు ఉపనది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ పల్లెలు కొట్టుకుపోయినప్పుడు, ఈ వాగులకు ఎంత బలముందో మనం చూశాం. ఎండాకాలంలో చూస్తే అది మురుగు కాలువలా కనపడుతుంది కాబట్టి దాని గట్ల మీద కట్టుకుంటూ పోయాం. కేంద్రాన్ని బాగు చేసే ప్లానులో మొదటి గీత ఆ వాగు హద్దులదే కావాలి. గట్టు వెంట చెట్లు, నడకదారి వస్తే ఊరికి ఉద్యానవనమూ వస్తుంది, వరద నీళ్లకు చోటూ మిగులుతుంది.

పక్క పట్టణాలు చూడండి. కుప్పంలో ఇప్పుడు కాడా పేరుతో అభివృద్ధి సంస్థ పనిచేస్తోంది, 2025 జనవరిలో స్వర్ణ కుప్పం దార్శనిక పత్రం విడుదలైంది, హంద్రీ నీవా నీళ్లు కొండలెక్కి అక్కడి చెరువులకు చేరాయి. ముఖ్యమంత్రి నియోజకవర్గం కాబట్టి దానికి దృష్టీ, నిధులూ దక్కుతాయి. పుంగనూరుకు జమీందారీ ప్యాలెస్ ఉంది, దేశమంతా తెలిసిన పొట్టి ఆవు ఉంది, ఊరి నడుమ అవి రెండూ కనపడేలా చేసే ఆలోచన మాత్రం ఇంకా రావాలి. మదనపల్లెకు కావలసింది వీటికన్నా కష్టమైనది, ఎందుకంటే అది తన కోసమే కాకుండా చుట్టుపక్కల మండలాలన్నిటి కోసం బతికే ఊరు.

పలమనేరు, కుప్పం, మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ 2019లో ఏర్పడింది. మాస్టర్ ప్లాను ముసాయిదా ఏది తయారైనా చట్టప్రకారం దాన్ని జనం ముందు పెట్టి అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. సాధారణంగా ఆ పటం ఆఫీసు గోడకు వేలాడుతుంది, ప్రకటన పేపరులో చిన్న అక్షరాల్లో వస్తుంది, స్థలాలున్నవాళ్లు మాత్రమే పోయి చూస్తారు. ఈసారి ఆ పటాన్ని మదనపల్లె బస్టాండులో పెద్దదిగా, తెలుగులో, వీధుల పేర్లు అందరూ పిలిచే పేర్లతో రాసి పెట్టాలి. పక్కన ఒక ఉద్యోగిని కూర్చోబెట్టి, చదవలేని వాళ్లు చెప్పింది రాసుకోమనాలి. అదే పటం పెద్దమండ్యం, తంబళ్లపల్లె, ములకలచెరువు, నిమ్మనపల్లె మండల కార్యాలయాలకూ పోవాలి. గడువు టమోటా కోతల రోజుల్లో పడకుండా చూసుకోవాలి. పట్టణ హద్దుల బయట ఉన్నవాళ్లకు ఓటు లేదని వాళ్ల అభ్యంతరాన్ని పక్కన పెట్టకూడదు. రోజూ ఆ బజారులో దిగే వాళ్లలో చాలామంది వాళ్లే. పెద్దమండ్యం పంచాయతీ ఒక గ్రామసభ పెట్టి తీర్మానం రాసి పంపిస్తే అది ఆ ఫైలులో మొదటి కాగితం కావచ్చు. అందులో అడగాల్సినవి చాలావరకు పైన చెప్పినవే: ఆఫీసులు నడిచిపోయే దూరంలో, బస్టాండు నుంచి ఆస్పత్రి దాకా తెగని కాలిబాట, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, చివరి బస్సు వేళ కొంచెం పొడిగింపు.